పదింటి బస్సు పిల్ల, కంప్యూటరు జాతకం

ఆ రోజుల్లో కంప్యూటరు చూడటానికి వచ్చేవాళ్లు చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వచ్చేవాళ్లు. విడవమని మేము బోర్డు పెట్టిన మాట నిజమే గానీ, బోర్డు చదవడం రానివాళ్లు కూడా విడిచేవాళ్లు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి కాళ్లు కూడా కడుక్కునేవాళ్లు (మా అత్తయ్య వాకిట్లో పెట్టుకున్న బిందెడు నీళ్లు పొద్దున పదింటికల్లా అయిపోయేవి, దాని మీద ఇంట్లో రోజూ ఒక యుద్ధం). ఇవాళ అంతకంటే ఎన్నో రెట్లు తెలివైన యంత్రాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాం, అన్నం తింటున్న చేత్తోనే ముట్టుకుంటున్నాం, విసుగొస్తే మంచం మీదకు విసిరేస్తున్నాం. దాని మీద ఎవరికీ పిసరంత భక్తి లేదు. ఆ భక్తి ఉన్న కాలంలో, ఇరవయ్యొక్క ఏళ్ల వయసులో, ఆ దేవుడికి పూజారిగా పనిచేసినదాన్ని నేనే అని చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ కొంచెం గర్వంగానూ, చాలా సిగ్గుగానూ ఉంటుంది.

మా మేనమామకు కల్లూరు బస్టాండు వెనక టైపు ఇన్‌స్టిట్యూటు ఉండేది. ఆరు మిషన్లు, వాటిలో రెండింటికి అక్షరాలు సరిగా పడవు. తొంభైలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. రిబ్బన్లు కొనుక్కొస్తానని విజయవాడ వెళ్లిన మామయ్య మూడో రోజు ఒక ట్రాలీ ఆటోలో నాలుగు అట్టపెట్టెలతో దిగాడు. "ఏందయ్యా ఇది, టీవీ తెచ్చినవా?" అని అత్తయ్య మొహం చేటంత చేసుకుని ఎదురొచ్చింది. "టీవీ కాదే. టీవీ అయితే అది చెప్తది, మనం ఇంటం. దీనికి మనం చెప్తే అది ఇంటది" అన్నాడు మామయ్య. "ఇనేటోళ్లు ఇంట్ల ఉన్నరు గదా, ఇంకొకటి ఎందుకు?" అని అత్తయ్య లోపలికి వెళ్లిపోయింది. అయినా మర్నాటికల్లా ఆవిడే దానికి లేసు అంచుతో ఒక తెల్లటి ముసుగు కుట్టింది, నెత్తిన పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. దానికి వేడి తగలకూడదని ఎవరో చెప్పారట, గదిలో ఉన్న ఒక్క ఫ్యానునూ దాని వైపు తిప్పి, మేము మాత్రం చెమటలు కక్కుకుంటూ పనిచేసేవాళ్లం.

నాకు ఉద్యోగం ఎలా వచ్చిందంటే, మేనకోడలిని కాబట్టి వచ్చింది. దానికి తోడు ఖమ్మంలో మూడు నెలల కంప్యూటరు కోర్సు చేశాను. ఆ మూడు నెలల్లో యంత్రం ముందు కూర్చున్నది వారానికి ఒక గంట, మిగతా రోజులన్నీ నోటుబుక్కులో కీబోర్డు బొమ్మ గీసి దాని మీద వేళ్లు ఆడించడమే. అయితేనేం, నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు నేను చెప్పినట్టల్లా పుడుతుంటే నా ఆనందానికి హద్దు ఉండేది కాదు. నా పేరు నేనే ఒక రోజు నూట పాతిక సార్లు కొట్టుకున్నాను! కానీ పని? దరఖాస్తులు కొట్టించుకునేవాళ్లు పాత టైపు మిషనే చాలన్నారు. ఒక నెల అంతా మేము ఆ పెట్టెను తుడవడం, దానికి మొక్కడం, దాని కథ వచ్చినవాళ్లకు చెప్పడంతోనే సరిపోయింది. అప్పుడు మామయ్య మళ్లీ విజయవాడ వెళ్లి, అప్పడమంత ఫ్లాపీ ఒకటి పట్టుకొచ్చాడు. దాన్ని లోపల పెడితే, పుట్టిన తేదీ, గంట, నిమిషం అడిగి, జాతకం వేసి, పెళ్లి పొంతన కూడా చూసి అచ్చు వేసి ఇస్తుంది. బయట కొత్త బోర్డు లేచింది: "కంప్యూటర్ జాతకములు. తప్పు రాదు."

ఇంక చూడండి! సత్తుపల్లి నుంచి, తల్లాడ నుంచి, అటు పెనుబల్లి, చంద్రుగొండ అడవి అంచు పల్లెల నుంచి జనం రావడం మొదలుపెట్టారు. ప్రింటరు కీచుకీచుమంటూ అటూ ఇటూ పరుగెత్తుతుంటే ఆడవాళ్లు చేతులు జోడించేవాళ్లు. కాగితం మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే, ఒక్క ముక్క అర్థం కాదు, అందువల్ల గౌరవం ఇంకా ఎక్కువ. నేను చదివి చెప్పేదాన్ని. ఒకే ఒక్క చిక్కు. యంత్రం గంటలూ నిమిషాలూ అడుగుతుంది, మా జనం చెప్పే కాలం వేరు. "పశువులు మళ్లే యాళ పుట్టిండమ్మా." "తొలి కోడి కూసినంక, మలి కోడి కూయకముందు." "వాళ్ల తాత కల్లు తాగొచ్చే టైమ్‌కు." మొదట్లో తలపట్టుకున్నాను. తర్వాత నా చదువంతా ఉపయోగించి ఒక అట్ట మీద పట్టిక తయారుచేసి గోడకు తగిలించాను. పశువులు మళ్లే వేళ అంటే సాయంత్రం ఐదూ నలభై. తొలి కోడి అంటే తెల్లవారుజామున నాలుగూ పది. తాత కల్లు తాగొచ్చే వేళ అంటే, ఏ తాత అన్నదాన్ని బట్టి, ఆరూ ఇరవై నుంచి ఎనిమిది దాకా. ఎండాకాలం పశువులు ఎప్పుడు మళ్లుతాయి, వానాకాలం ఎప్పుడు మళ్లుతాయి అన్న సందేహం నాకు రాలేదు. ఆ వయసులో నాకు సందేహాలు వచ్చేవి కావు.

ఒక వేసవి పొద్దున మా గుమ్మంలోకి మిషన్ల పెద్దాయన వచ్చాడు. పెనుబల్లి దగ్గరి మోతుబరి రైతు. ఆ చుట్టుపక్కల మొదటి మందుకొట్టే పంపు ఆయనదే, మొదటి నూర్పిడి మిషను ఆయనదే, చేతి గడియారంలో లెక్కలు చేసే బటన్లున్నవాడు కూడా ఆయనొక్కడే. ఊరంతా ఆయన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్లు, ఆయనకు అది బిరుదు. "పంతులుకు చూపియ్యలే బిడ్డా. పంతులు మనిషే గదా, ఆకలైతె ఒక మాట, నిద్రొస్తె ఒక మాట. మిషన్‌కు ఆకల్లేదు, నిద్ర లేదు. నీ మిషన్ ఏమంటే అదే నా మాట" అన్నాడు. పెద్దకొడుక్కి సంబంధం చూశారు. కొడుకు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. వెంట పెళ్లికొడుకు తల్లి, దిట్టంగా ఉన్న చిన్నకొడుకు, ఇవతల పిల్ల తండ్రి. పిల్లది అడవి అంచున ఉన్న చిన్న పల్లె.

పెళ్లికొడుకు దవాఖానాలో పుట్టాడు, గంట నిమిషం రాసిన కాగితం ఉంది. "మరి అమ్మాయి ఎన్ని గంటలకు పుట్టింది?" అన్నాను. పిల్ల తండ్రి మొహం వెలిగిపోయింది. ఆయన ఈ ప్రశ్న కోసమే బతుకుతున్నాడని నాకు తర్వాత తెలిసింది. "మా ఊరికి తొలిసారి బస్సొచ్చిననాడు పుట్టిందమ్మా! రోడ్డేసినంక వచ్చిన మొట్టమొదటి బస్సు! ఊరంత పోయినం ఎదురు. డప్పులు, దండలు, కొబ్బరికాయ నేనే కొట్టిన. ఇంటికొచ్చేసరికి పిల్ల! బస్సు పిల్ల అనే అంటరు దాన్ని ఇప్పటికీ. తేదీ మా బడి గోడ మీద రాసి ఉన్నది." "టైము?" "పదింటి బస్సు గదమ్మా! పదింటికి!" నా పట్టికలో కోళ్లూ పశువులూ తాతలూ ఉన్నారు గానీ, ఇంత ఖచ్చితమైన పుట్టుక నాకు అంతవరకూ తగల్లేదు. హుషారుగా పది గంటలు అని కొట్టాను. ప్రింటరు కీచుమంది. చదివాను. విశాఖ నక్షత్రం.

విశాఖ పిల్ల మరిదికి గండం అని మా వైపు అందరికీ తెలుసు. పెళ్లికొడుకు తల్లి చిన్నకొడుకు చెయ్యి పట్టుకుంది. పొద్దున్నే నాలుగు పరోటాలు తిని వచ్చిన ఆ ఇరవై ఏళ్ల కుర్రాడు ఒక్కసారిగా కళ్లు తేలేసి, "నాయినా, నాకు ఛాతిల ఏందోగ ఉన్నది" అన్నాడు. ఆ తల్లి ఏడుపు మొదలుపెట్టింది. మిషన్ల పెద్దాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, బరువుగా లేచి, "మిషన్ కాదన్నది. ఇంక నా చేతుల ఏమున్నది" అని చెప్పులేసుకున్నాడు. పిల్ల తండ్రి ఆ గుమ్మంలోనే చాలాసేపు నిలబడిపోయాడు. నాకు మాత్రం, చెప్పడానికి సిగ్గుగా ఉంది, యంత్రం ఒక గండాన్ని పట్టేసిందని లోపల్లోపల గర్వం పొంగుకొచ్చింది.

మర్నాడు ఆ పొంగు దిగింది. పొద్దున తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక అమ్మాయి, నా వయసే, దుమ్ము కొట్టుకుపోయిన జడ, చేతిలో చెప్పులు. "నేనే అక్కా, బస్సు పిల్లను" అంది. లోపలికొచ్చి కంప్యూటరుకు మొక్కలేదు, మొక్కని మొదటి మనిషి ఆమే. దాని కళ్లలోకి చూసినట్టు చూసింది. "నాకు ఈ సంబంధమే కావాలె. మా ఇంట్ల భజన మైకు ఉంటది. అది చెడితే బాగు చేసేటందుకు వచ్చిండు ఆయన. మంచిగ చేసి పోయిండు. మళ్లా వైరు పీకిన. మళ్లా వచ్చిండు. మళ్లా పీకిన." "ఎన్నిసార్లు?" అన్నాను. "ఐదు" అంది తల వంచుకుని. "ఐదోసారికి, నువ్వు పీకుతున్నవని నాకు ఎరుకే అన్నడు. అయినా వచ్చిండక్కా!" నేను నవ్వబోయి ఆమె కళ్లు చూసి ఆగిపోయాను. "ఇంట్ల వేరే సంబంధం మాట్లాడుతున్నరు. నీ మిషన్ ఆపింది, నువ్వే నడిపియ్యాలె" అంది.

యంత్రానికి అబద్ధం చెప్పకూడదని నేను గట్టిగా నమ్మేదాన్ని (చెబితే లోపల ఏదో కాలిపోతుందని కూడా నా అనుమానం). అందుకని అబద్ధం కాదు, ఊరికే పరీక్ష అని మనసుకు సర్దిచెప్పుకుని, పది గంటల నుంచి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ కొట్టాను. పదీ ఐదు, విశాఖ. పదీ పది, విశాఖ. ఆ పిల్ల నా భుజం మీద నుంచి తొంగిచూస్తూ ఊపిరి బిగబట్టింది. పదీ ముప్పై ఐదు, విశాఖే. పదీ నలభై కొట్టగానే తెర మీద అనూరాధ! ఇద్దరం ఒకేసారి అరిచాం, అత్తయ్య కూరగిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. వెనక్కి ఒక్కో నిమిషం తగ్గించి చూస్తే తేలింది, పదీ ముప్పై ఏడు దాకా విశాఖ, ముప్పై ఎనిమిది నుంచి అనూరాధ. పొంతన చక్కగా కుదిరింది, మరిది నిక్షేపంలా బతుకుతాడు. అంటే ఇరవై ఏళ్ల కిందట ఆ పదింటి బస్సు ముప్పై ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వచ్చి ఉంటే చాలు! మొదటి రోజు బస్సు, దారిపొడుగునా ప్రతి ఊరూ ఆపి కొబ్బరికాయ కొట్టి ఉంటుంది గదా, ఆలస్యం కాకుండా ఎలా ఉంటుంది? నాకు ఒళ్లంతా కరెంటు పాకింది. ఇది కదా శాస్త్రం అనుకున్నాను.

మామయ్యకు చెబితే నాకంటే ఎక్కువ రెచ్చిపోయాడు. స్కూటరేసుకుని పెనుబల్లి పోయి మిషన్ల పెద్దాయనతో మాట్లాడొచ్చాడు. "బస్సు లేటైందని రుజువు తెండ్రి. నాకేం పంతం లేదు. మిషన్‌కు సరైన టైం చెప్పుండ్రి, అది అవునంటే పెండ్లి, కాదంటే లేదు" అన్నాడట ఆయన. ఇక రుజువు వేట. రెండు రోజులు తిరిగి, ఆ మొదటి బస్సు నడిపిన డ్రైవరు తల్లాడలో రిటైరై ఉన్నాడని మామయ్య కనిపెట్టాడు. ఆదివారం పొద్దున పంచాయితీ మా ఇన్‌స్టిట్యూటులోనే పెట్టాం. బెంచీలు లేవు కాబట్టి పెద్దలందరూ టైపు నేర్చుకునే స్టూళ్ల మీద, ఒక్కొక్కరు ఒక్కో మిషన్ వెనక కూర్చున్నారు. చిన్నకొడుకు కంగారులో ఎదురుగా ఉన్న మిషన్ మీద ఒకే అక్షరాన్ని టకటకా కొడుతున్నాడు, మామయ్య గుడ్లురుముతున్నాడు. బస్సు పిల్ల, ఆమె తల్లి గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డారు.

డ్రైవరు తాత ఖాకీ చొక్కా వేసుకునే వచ్చాడు, రిటైరై ఎన్నేళ్లయినా బొత్తాలు మెడ దాకా పెట్టుకున్నాడు. మామయ్య లాయరులా గొంతు సవరించుకుని, "తాతా, ఆనాడు నీ బస్సును ఊరూరా ఆపిండ్రు గదా?" అన్నాడు. "ఆపిండ్రు. ప్రతి ఊర్ల కొబ్బరికాయ. బస్తెడు చిప్పలు ఇంటికి తీసుకపోయిన" అన్నాడు తాత. నా గుండె ఎగిరి గంతేసింది. "మరి లేటయి ఉంటది గదా?" తాత స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. "లేటా? ఎవలు లేటు? నా సర్వీసుల లేటన్నదే లేదు! ఊరూరా ఆపుతరని నాకెరుక లేదా? గంట ముందుగాల బయలుదేరదీసిన. ఆ ఊర్ల పది గొట్టంగ హారన్ కొట్టిన. కావాల్నంటే ప్రమాణం చేస్త!" మామయ్య బతిమాలాడు. ఐదు నిమిషాలైనా? లేదు. రెండు? "ఒక్క నిమిషం లేటని కాయితం మీద రాస్తే ఆ కాయితం చింపుత" అన్నాడు తాత. పిల్ల పెళ్లి ఆగిపోతుందని చెప్పినా, పెళ్లిళ్లు మళ్లీ కుదురుతాయి గానీ పోయిన పేరు రాదని ఆయన వాదన. మిషన్ల పెద్దాయనకు డ్రైవరు మహా నచ్చేశాడు. "చూసినవా, మనిషంటె గిట్ల ఉండాలె, మిషన్ లెక్క!" అని మెచ్చుకుని, చెప్పుల కోసం గుమ్మం వైపు చూశాడు.

బస్సు పిల్ల మొహం పాలిపోయింది. నాకు ఏడుపొచ్చేలా ఉంది. గుమ్మం పక్కన ఆ పిల్ల తల్లి ఇందాకటి నుంచి నిలబడే ఉండటం అప్పుడు కనిపించి, కనీసం కూర్చోమందామని నా స్టూలు తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ కూర్చోలేదు. స్టూలు వైపు చూసి, నా వైపు చూసి, మెల్లగా అంది: "దాన్నెప్పుడు కన్ననో నన్నొక్కరూ అడుగుతలేరేంది బిడ్డా?"

నిజమే. నేనూ అడగలేదు. నా ఫారంలో తండ్రి పేరు రాసే గడి ఉంది, ఊరి పేరు రాసే గడి ఉంది, తల్లి పేరుకు గడే లేదు. డ్రైవరు కోసం రెండు రోజులు తల్లాడ రోడ్లన్నీ గాలించాం, కన్నతల్లి మా గుమ్మంలో నిలబడి ఉంటే నీళ్లు కావాలా అని కూడా అడగలేదు. "చెప్పమ్మా" అన్నాను.

"మంత్రసాని నా కాడనే కూసున్నది. హారన్ ఇనబడంగనే లేసింది. ఒక్క చూపు చూసొస్త బిడ్డా, ఇప్పుడే వస్త అని ఉరికింది. ఈయన పొద్దటి సంది ఆడనే. ఇంట్ల పిల్లిపిల్ల లేదు. ఒర్రిన, పిలిచిన. డప్పులల్ల ఎవలకు ఇనబడ్తది?" అంది ఆవిడ. పిల్ల తండ్రి నేల చూపులు చూస్తున్నాడు. "మరి బస్సు పోంగనే రాలేదా వాళ్లు?" అన్నాడు మామయ్య. ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన నసిగి నసిగి చెప్పాడు: "అంటే... ఊరికి తొలి బస్సు గదా. వాగు దాకా ఎక్కి పోయినం అందరం. మంత్రసాని గూడ. ఆడికెళ్లి నడిచొచ్చినం." "అవ్, ఫుల్లు లోడు. టాపు మీద గూడ ఉన్నరు" అన్నాడు డ్రైవరు తాత. "వాగు అంటె రెండు మైళ్లు." ఎవరో నవ్వబోయారు. ఆవిడ నవ్వలేదు, అందుకని ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. "వాళ్లొచ్చేసరికి నేనే కన్న, నేనే కొంగుల చుట్టి ఒళ్లె పెట్టుకున్న. ఇరవై ఏండ్ల సంది బస్సొచ్చినప్పుడు పుట్టింది, బస్సొచ్చినప్పుడు పుట్టింది అని ఊరంత చెప్పుకుంటున్నరు. బస్సొచ్చినప్పుడు కాదు. బస్సు పోయినంక పుట్టింది" అంది.

మిషన్ల పెద్దాయన ముందుకు వంగాడు. "అయితే ఎంత సేపటికి? మీ ఇంట్ల గడియారం ఉండెనా?" "గడియారం లేదు. నొప్పులున్నయి" అంది ఆవిడ. ఆయన తన బటన్ల గడియారాన్ని రెండో చేత్తో మూసుకున్నాడు. ఆవిడ నా వైపు తిరిగింది. "బిడ్డా, నీ మిషన్‌కు ఎంత కావాలె?" అంత మందిలో, అందరూ వింటుండగా, తిన్నగా అడిగింది. నాకు దాచడం చేతకాలేదు. "పదీ ముప్పై ఎనిమిది దాటాలె అమ్మా" అన్నాను. ఆవిడ రెప్ప వేయలేదు. "దాటింది" అంది.

ఆ ఒక్క మాటకు ఎదురు చెప్పగలవాళ్లు ఆ గదిలో ఎవరున్నారు? అక్కడ ఉన్నది ఆవిడ ఒక్కతే, మిగతావాళ్లంతా బస్సులో ఉన్నారు! అందరికంటే ముందు తేరుకున్నది డ్రైవరు తాత: "అంటే నా బస్సు టైమ్‌కే వచ్చినట్టు!" అని తొడ చరిచాడు. నేను కంప్యూటరు ముందుకు దూకి పదీ నలభై ఐదు కొట్టాను. ఆ చివరి బటను నొక్కానో లేదో, కరెంటు పోయింది.

ఆ గంటన్నర నా జన్మలో మర్చిపోను. తెర నల్లగా, గది ఉక్కగా, ఒక్కరూ కదల్లేదు. మిషన్ల పెద్దాయన కంప్యూటరు వైపే చూస్తూ కూర్చున్నాడు. అత్తయ్య అందరికీ మజ్జిగ తెచ్చింది. పెళ్లికొడుకు తల్లి గ్లాసు పట్టుకుని లేచి వెళ్లి పిల్ల తల్లి పక్కన చతికిలబడింది. "ఒక్కదానివే కన్నవా వదినే?" అని అడగడం నాకు వినబడింది. తర్వాత మాటలు వినబడలేదు, ఇద్దరి తలలూ దగ్గరగా ఉన్నాయి. కాసేపటికి ఆవిడ కొంగుతో విసురుతోంది, ఈవిడ ఏదో చెబుతోంది, మధ్యలో ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు, ఇంకాసేపటికి ఇద్దరూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. కరెంటు వచ్చేసరికి పెళ్లి పందిరి ఎక్కడ వేయాలో, ఎన్ని విస్తళ్లు కావాలో మాట్లాడుకుంటున్నారు. నేను మళ్లీ మొదటి నుంచి అంతా కొట్టి, ప్రింటరు కీచుమంటుంటే, "అనూరాధ!" అని అరిచాను. ఒక్కరూ తిరిగి చూడలేదు. ఒక్క మిషన్ల పెద్దాయన మాత్రం వచ్చి, కాగితం కళ్లకద్దుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "చెప్తి గదా, మిషన్ ఎన్నడూ అబద్ధమాడదు" అన్నాడు. బస్సు పిల్ల నన్ను కావిలించుకున్న కావిలింతకు నా కళ్లజోడు వంకరపోయింది.

పెళ్లి ఆ నెలలోనే అయింది. (మరిది ఇప్పుడు తాత కూడా అయ్యాడు, ఛాతీలో ఏమీ లేదు.) తర్వాత నేను ఇంకో రెండేళ్లు ఆ గదిలో జాతకాలు వేశాను, ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆఫీసుల్లో కూర్చుని జనం వివరాలు గడుల్లో నింపాను. ఆ ముప్పై ఏళ్లలో నేను చేసిన ఏ పనీ ఆ ఆదివారం చేసిన దానికి సాటి రాదు, ఆ రోజు కొట్టిన టైము నిజమో అబద్ధమో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఆదివారం సాయంత్రం నేను ఇంటికి వెళ్లేసరికి మా అమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను చెప్పులు విడిచి, ఆమె ఎదురుగా కూర్చుని, "అమ్మా, నేను పుట్టినప్పుడు నీ దగ్గర ఎవరున్నరు?" అన్నాను. అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. వందల మంది పుట్టుకలు నిమిషాలతో సహా చెప్పగలనని ఊరంతా డప్పు కొట్టుకున్న ఆ పూజారి పిల్లను తలుచుకుంటే నాకు ఇప్పుడు నవ్వొస్తుంది, దాని చెవి పట్టుకుని మెలిపెట్టాలనీ అనిపిస్తుంది. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది, చేట పక్కకు జరిపింది. "ఇన్నేండ్లకు అడిగినవా?" అని, చెప్పడం మొదలుపెట్టింది.